వానాకాలంలో చూడాల్సిన గొయ్యి: మిర్యాలగూడలోని ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ముప్పు అంచనా

2018 మే నెలలో ఈ మిల్లుకు నేను రాసిన భద్రత అంచనా పట్టికలో 23వ వరుస ఇలా ఉంటుంది. పని: ఎలివేటరు (వడ్లను బకెట్లతో పైకి తోడే యంత్రం) గొయ్యి శుభ్రం చేయడం. ప్రమాదం జరిగే అవకాశం: 2. తీవ్రత: 4. ముప్పు: 8, మధ్యస్థం. సూచన: నిచ్చెన మెట్లు సరిచేయాలి, చేతి తొడుగులు ఇవ్వాలి.

ఆ వరుస తప్పు. చిన్న తప్పు కూడా కాదు. అదే ఏడాది అక్టోబరులో ఒక మనిషి ఆ గొయ్యిలోంచి ప్రాణాలతో బయటపడ్డాడంటే, పైనున్న మరో మనిషి చెయ్యి సమయానికి అందడం వల్లనే తప్ప నా పట్టిక వల్ల కాదు. ఆ తప్పు ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో, తర్వాత మిల్లులో ఏం మారిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మిల్లు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఇలాంటి గొయ్యి లేని మిల్లు మా ప్రాంతంలో వెతికినా దొరకదు కాబట్టి పేరుతో పని కూడా లేదు.

మిల్లు గురించి

1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వరితో పాటే మిర్యాలగూడలో మిల్లులూ పెరిగాయి. నేను చూసినది మధ్య తరహా ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు లారీల్లో వస్తాయి. నేల మట్టంలో ఉన్న ఇనుప జల్లెడ మీద కుమ్మరిస్తే కింది గోతిలోకి జారతాయి. అక్కడి నుంచి బకెట్ల ఎలివేటరు వాటిని పైకి తోడుతుంది. శుభ్రం చేసే యంత్రం దాటి నానబెట్టే ట్యాంకుల్లో పడతాయి. 65 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్లలో కొన్ని గంటలు నాని, ఆవిరికి ఉడికి, డ్రైయరులో 14 శాతం తేమకు ఆరి, ఆ తర్వాత ఆడతాయి. వంద కిలోల వడ్లకు 20 కిలోల పైచిలుకు ఊక వస్తుంది. ఆ ఊకే బాయిలరుకు వంటచెరకు.

పనివాళ్లు మూడు రకాలు. హాజరు పట్టీలో పేరున్న ఆపరేటర్లు, ఫిట్టర్లు, గుమాస్తా కలిపి పద్దెనిమిది మంది. బస్తా లెక్కన కూలి తీసుకునే హమాలీలు దాదాపు ముప్పై మంది, అందులో సగానికి పైగా బీహారు నుంచి వచ్చినవాళ్లు. ఇక ఊడ్చేందుకు, రాలిన గింజ ఎత్తేందుకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి రోజుకూలికి వచ్చే ఆడవాళ్లు ఆరేడుగురు. చివరి రెండు వర్గాల పేర్లు హాజరు పట్టీలో ఉండవు. ఈ సంగతి మేలోనే నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని కూడా పట్టించుకోకపోవడం ఎలా ఉంటుందో తర్వాత తెలిసింది.

మే నెల అంచనా

యజమాని పిలవడానికి కారణం ఉంది. బియ్యం కొనే ఒక పెద్ద వ్యాపారి, భద్రత అంచనా పత్రం ఉంటేనే సరుకు తీసుకుంటానన్నాడట. ఇలాంటి పత్రాల కోసం భారత ప్రమాణాల సంస్థ 2006లో తెచ్చిన ఐఎస్ 15656 అనే మార్గదర్శి ఉంది. నేను వాడేది దానికి దగ్గరగా ఉండే సాదా పద్ధతే. వడ్లు నడిచే దారిలో నేనూ నడుస్తాను. ప్రతి పని దగ్గర ఆగి, ఇక్కడ దెబ్బ తగిలించేది ఏది, ఎవరికి తగులుతుంది, ఎలా తగులుతుంది అని అడుగుతాను. జరిగే అవకాశానికి 1 నుంచి 5, తీవ్రతకు 1 నుంచి 5 వేసి గుణిస్తాను. 15 గాని అంతకు మించి గాని వస్తే పని ఆపి సరిచేయాలి. 8 నుంచి 14 మధ్య వస్తే గడువు పెట్టి సరిచేయాలి.

రెండు రోజులు తిరిగాను. వెంట గుమాస్తా, బాయిలరు ఆపరేటరు ఉన్నారు. యాసంగి వడ్లు జోరుగా వస్తున్న రోజులు. ఎండ 43 డిగ్రీలు. మొత్తం 41 వరుసలు తేలాయి.

బాయిలరు గురించి ఎక్కువ రాయను. మిల్లులో అందరికీ భయం దానిమీదే. ఆ భయం వల్లే అది అన్నిటికంటే బాగుంది. ఏటా తనిఖీ అధికారి వస్తాడు, ఆయన సంతకం లేనిదే పొయ్యి వెలగదు. నీటి మట్టం చూపే గాజు గొట్టాలు రెండూ శుభ్రంగా ఉన్నాయి, సేఫ్టీ వాల్వు పని చేస్తోంది, ఆపరేటరుకు అర్హత పత్రం ఉంది. అతను పూటపూటా గాజు గొట్టాన్ని ఊది చూడటం నేను కళ్లారా చూశాను.

బాయిలరు వెనక బూడిద పోసే చోటు మాత్రం నన్ను ఆపేసింది. ఊక బూడిద పైకి బూడిద రంగులో, మెత్తగా, చల్లారినట్టే కనిపిస్తుంది. చేతికర్రతో గుచ్చి తిప్పితే జానెడు లోతున ఎర్రగా నిప్పు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే కాబట్టి అది వేడిని గుండెల్లో దాచుకున్నట్టు గంటల తరబడి పట్టుకుంటుంది. దానికి నాలుగడుగుల దూరంలోనే ఆడవాళ్లు చెప్పులు విడిచి అన్నం తినే చెట్టు నీడ ఉంది. చిన్న పిల్లను వెంట తెచ్చుకున్న తల్లి ఒకామె కూడా అక్కడే కూర్చుంది. ఆ చోటికి 16 వేశాను. అదే సాయంత్రం బూడిద చుట్టూ నడుము ఎత్తున ఇటుక గోడ కట్టించడానికి యజమాని ఒప్పుకున్నాడు, వారంలో కట్టించాడు కూడా.

బెల్టుల సంగతి అందరికీ తెలిసిందే. పట్టీ మార్చడానికి తీసిన కవచం తిరిగి బిగించరు. అలా తీసి గోడకు ఆనించిన కవచాలు ఐదు లెక్కపెట్టాను. ఒకదాని మీద సాలెగూడు ఉంది, అంటే ఎన్నాళ్ల నుంచి అక్కడుందో ఊహించుకోవచ్చు. కొంగు, తువ్వాలు తిరిగే షాఫ్టుకు చుట్టుకుంటే మనిషిని విడిపించే వ్యవధి ఉండదు. కవచాలు బిగించమన్నాను. కాని అసలు కారణం బోల్టులు. ఒక్కో కవచానికి ఎనిమిది బోల్టులు విప్పాలి. ఎనిమిది బోల్టులు విప్పి బిగించే ఓపిక రాత్రి రెండు గంటలకు ఎవరికీ ఉండదు. కాబట్టి కవచాన్ని ఒకవైపు కీళ్ల మీద తలుపులా తెరిచేలా, ఒకే బోల్టుతో పట్టేలా మార్చమని రాశాను. ఇది పని చేసింది. మరుసటి సారి ఐదింటిలో నాలుగు యథాస్థానంలో ఉన్నాయి.

కంటి విషయం అంచనాల్లో చాలామంది వదిలేస్తారు, అందుకే కొంచెం చెబుతాను. ఊక అంచున సన్నని గరుకు నూగు ఉంటుంది. అది కంట్లో పడగానే మనిషి నలుపుకుంటాడు. నలిపితే నల్లగుడ్డు మీద గీత పడుతుంది. గింజతో, ఆకుతో, ఊకతో తగిలిన అలాంటి చిన్న గీతలోకే బూజు జాతి సూక్ష్మజీవులు చేరి పుండు చేస్తాయి. దక్షిణ భారతంలో పొలం పనుల్లో, మిల్లుల్లో చూపు పోవడానికి ఇదొక పెద్ద దారి. మందుల షాపులో అడిగి వేసుకునే స్టెరాయిడ్ చుక్కలు ఆ పుండును ఇంకా పెంచుతాయి. జల్లెడ యంత్రం దగ్గర పనిచేసే ముగ్గురిలో ఇద్దరు కంట్లో ఊక పడిన సంగతి చెప్పారు. శుభ్రమైన నీటితో కళ్లు కడుక్కునే కుళాయి, పక్కలు మూసిన కళ్లద్దాలు, నొప్పి తగ్గకపోతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి మిల్లు ఖర్చుతో పంపాలన్న నియమం, ఈ మూడూ పెట్టాం.

ఇక గొయ్యి. ఎలివేటరు అడుగు భాగం ఉండే గొయ్యి అది. పైన నాలుగడుగులకు ఐదడుగుల నోరు, లోతు పదకొండు అడుగులు, గోడకు దిగేసిన ఇనుప మెట్లు. నోటి మీద చెక్క పలకలు పరిచి ఉన్నాయి. మే నెలలో అది ఎండి ఉంది. టార్చి వేసి చూశాను. అడుగున రెండు పిడికిళ్ల గింజ, ఒక తెగిన గోనె తాడు. "ఎన్నిసార్లు దిగుతారు?" అని గుమాస్తాను అడిగాను. "ఎప్పుడో ఒకసారి సార్, సీజనుకు రెండు మూడు సార్లు" అన్నాడు. నేను అవకాశం గడిలో 2 వేశాను.

నవంబరు

అమలు చూడటానికి నవంబరులో వెళ్లాను. ఈసారి గుమాస్తా వేరే పని మీద హాలియా పోయాడు. ఒంటరిగా తిరగాల్సి రావడం నా అదృష్టం. బూడిద గోడ దగ్గర ఆడవాళ్లు అన్నం తింటుంటే వెళ్లి కూర్చున్నాను. మేలో వాళ్లతో మాట్లాడలేదు. వాళ్ల పనిని దూరం నుంచి చూసి రాసుకున్నాను, అంతే.

అందరికంటే పెద్దామె, పదేళ్లుగా అక్కడే ఊడుస్తున్నదట, నన్ను అడిగింది: "ఈ గోడ మీరే కట్టించారా సారూ?" అవునన్నాను. "మంచి పని చేశారు. మరి ఆ గొయ్యి సంగతి ఎందుకు చూడలేదు?"

చూశానని చెప్పాను.

"మీరు ఎండాకాలం వచ్చారు. ఆ గొయ్యిని వాన పడిన మర్నాడు చూడాలి."

ఆమె చెప్పిన దాన్ని తర్వాత మరో ముగ్గురిని విడివిడిగా అడిగి సరిచూసుకున్నాను. బతుకమ్మ రోజులు. సద్దుల బతుకమ్మకు ముందు రోజు. అంతకు ముందు పడిన వానకు గోతిలోకి నీరు దిగింది. అడుగున రాలి ఉన్న వడ్లు తడిసి, ఉబ్బి, పులిసి, బకెట్లకు అడ్డం పడ్డాయి. ఎలివేటరు ఆగింది. బయట మూడు లారీలు నిలబడ్డాయి. బీహారు హమాలీ ఒకతను పలకలు జరిపి పార పట్టుకుని దిగాడు. నాలుగైదు పారలు ఎత్తాడో లేదో తల తిరుగుతోందని అరిచాడు. పైకి రమ్మన్నారు. మెట్లు పట్టుకున్నాడు. పై నుంచి మూడో మెట్టు దగ్గర కాళ్లలో సత్తువ పోయి, చేతులు జారి, వెనక్కి వాలుతుండగా నోటి దగ్గర బోర్లా పడుకుని ఉన్న ఇంకో హమాలీ అతని మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరు కలిసి లాగారు. ముఖాన నీళ్లు చల్లారు. కాసేపటికి తేరుకున్నాడు.

నవరాత్రుల ఉపవాసం ఉన్నాడు కదా, అందుకే కళ్లు తిరిగాయి అనుకున్నారు. అతను కూడా అలాగే అనుకున్నాడు. అరగంట తర్వాత వేరొకతను ముక్కుకు తువ్వాలు కట్టుకుని దిగి, పని ముగించాడు. "లోపల పులిసిన కుడితి వాసన వస్తుంది సారూ. ప్రతి వానకూ వస్తుంది. దిగినవాళ్లందరికీ తలనొప్పే" అన్నది పెద్దామె.

ఈ ఘటన ఎక్కడా నమోదు కాలేదు. అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం, దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు పనికి రాలేకపోతే ఆ ప్రమాదాన్ని అధికారులకు తెలపాలి. అతను మర్నాడే పనికి వచ్చాడు. హాజరు పట్టీలోనూ లేడు. గుమాస్తాకు తెలిసినా చెప్పాల్సిన విషయమని తోచలేదు. మూడు వారాల్లో ఆ కబురు అన్నం తినే చెట్టు కిందనే ఉండిపోయింది.

కొలత

మర్నాడు నాలుగు వాయువులు కొలిచే మీటరు తెచ్చాను. ముందు బయటి గాలిలో సరిచూసి, తాడుకు కట్టి నెమ్మదిగా దించాను. నోటి దగ్గర ఆక్సిజన్ 20.9 శాతం. ఐదడుగుల దగ్గర 20.4. అడుగున 17.8. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గగానే మీటరు అరవడం మొదలుపెట్టింది. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు 6 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఆరు పాళ్లు) ఉంది. మండే వాయువు లేదు. కార్బన్ మోనాక్సైడు లేదు. పలకలు రెండు తీసి ఉన్న రోజున, ఘటన జరిగిన మూడు వారాల తర్వాత వచ్చిన అంకెలివి.

17.8 చూసి యజమాని కొంత ఊరట పడ్డాడు. "మూడు శాతమే కదా తగ్గింది" అన్నాడు. అక్కడ ఆగి వివరించాల్సి వచ్చింది. ఈ రంగంలో చాలామంది పొరబడేది ఇక్కడే.

ఆ మూడు శాతం ఖాళీగా లేదు. ఏదో ఒకటి దాన్ని నింపింది. తడి గింజ ప్రాణమున్న గింజే. అది ఊపిరి పీలుస్తుంది, ఆక్సిజన్ తీసుకుని దాదాపు అంతే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) వదులుతుంది. ఆ లెక్కన అడుగున మూడు శాతం బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. ఆయాసం, తలనొప్పి రావడానికి అది చాలు. నాలుగు శాతాన్ని, అంటే 40,000 పీపీఎంను, వెంటనే ప్రాణాపాయం కలిగించే స్థాయిగా పరిగణిస్తారు. గింజ ఊపిరి పీల్చడం మాని పులియడం మొదలుపెడితే కథ ఇంకా మారుతుంది. అప్పుడు వాయువు పుట్టుకొచ్చి మామూలు గాలిని మొత్తంగా పక్కకు నెడుతుంది. గాలిలో ఆక్సిజన్ అయిదో వంతే కాబట్టి, ఆక్సిజన్ ఒక్క శాతం తగ్గిందంటే కొత్త వాయువు దాదాపు ఐదు శాతం చేరినట్టు. మూడు శాతం తగ్గితే పదిహేను. పది దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది. నిజం ఈ రెండు లెక్కల మధ్య ఎక్కడో ఉంటుంది. ఇంతకీ మామూలు నాలుగు వాయువుల మీటరు బొగ్గుపులుసు వాయువును కొలవనే కొలవదు. ఆక్సిజన్ అంకెను చూసి మనమే అర్థం చేసుకోవాలి.

ఈ వాయువు గాలి కంటే బరువు. గోతిలో నీళ్లలా నిలబడుతుంది. నిలబడి ఉన్న మనిషి ముక్కు దాదాపు ఐదడుగుల ఎత్తున ఉంటుంది. పారతో ఎత్తడానికి వంగితే రెండడుగుల ఎత్తుకు వస్తుంది. అతను దిగగానే కాకుండా నాలుగైదు పారలు ఎత్తాక ఎందుకు తూలాడో యజమానికి అప్పుడు అర్థమైంది. ఉపవాసం మాట మళ్లీ ఎత్తలేదు. ముక్కుకు కట్టిన తువ్వాలు దుమ్మును ఆపుతుందేమో కాని వాయువును ఆపదు.

2 ఎందుకు తప్పు

ఆ రాత్రి పాత పట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నాను. అవకాశం గడిలో నేను వేసిన 2 దేనికి వేశాను? గోతిలోకి ఎన్నిసార్లు దిగుతారు అన్నదానికి. అక్కడ ఉండాల్సిన ప్రశ్న అది కాదు. దిగిన ఒక్కసారి ప్రమాదం జరిగే అవకాశం ఎంత అన్నది ప్రశ్న. అరుదుగా చేసే పని, సురక్షితమైన పని ఒకటి కావు. నిజానికి అరుదుగా చేసే పనికి అలవాటు ఉండదు, పనిముట్టు ఉండదు, బాధ్యుడు ఉండడు. పైగా అది ఎప్పుడూ ఏదో ఆగిపోయినప్పుడే, తొందరలోనే చేయాల్సి వస్తుంది. ఆ రాత్రి కొత్త అంచనాలో దిగడం అనే పనికి 4, తీవ్రతకు 5 వేశాను. 20. ఆగి, ఆపి సరిచేయాల్సిన వరుస.

మిగతా 40 వరుసల్లో ఇదే పొరపాటు ఎక్కడుందో వెతికాను. మరో నాలుగు దొరికాయి. బిన్నులో, అంటే వడ్లు నిల్వ ఉంచే పెద్ద తొట్టిలో, వడ్లు కిందికి జారకుండా గూడు కట్టినప్పుడు పైకెక్కి గడతో పొడవడం. నానబెట్టే ట్యాంకు లోపల గోకడం. మురుగు నీటి తొట్టి తోడటం. గోదాములో పురుగు మందు బిళ్లలు పెట్టి టార్పాలిను కప్పిన రాత్రి, దాని పక్క వరండాలోనే హమాలీలు పడుకోవడం. ఆ బిళ్లలు తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి, నిద్రపోతున్న మనిషికి అది తెలిసే లోపు ఆలస్యమవుతుంది. నాలుగూ ఏడాదికి కొద్దిసార్లే జరిగేవి. నాలుగింటికీ నేను 2 వేశాను. వరండాలో పడకను ఆ రోజే ఆపించాను.

సరిచేసిన తీరు

చట్టం దగ్గర మొదలుపెట్టాను, ఎందుకంటే అందులో ఉన్నది చాలా మందికి తెలియదు. అప్పటి ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షను గొయ్యి అనే మాటనే వాడేది. వాయువు ఉండే వీలున్న ట్యాంకులోకి, గోతిలోకి మనిషిని దించకూడదు. దించాలంటే అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ఇవ్వాలి. లేదా దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, ఆ తాడు చివర బయట నిలబడిన మనిషి చేతిలో ఉండాలి. లోపలికి తీసుకెళ్లే దీపం 24 వోల్టులకు మించకూడదని 36ఏ చెప్పేది. ఇక్కడ 230 వోల్టుల బల్బును వైరుతో వేలాడదీసి తడి గోతిలో దిగేవారు.

అయితే తాడూ బెల్టూ కొనిచ్చి చేతులు దులుపుకుంటే మళ్లీ మే నెలలో చేసిన పనే చేసినట్టు. అసలు మనిషి ఎందుకు దిగాలి అని వెనక్కి పోయాం. ఫిట్టరు, ఆ ఇద్దరు హమాలీలు, పెద్దామె, నేను గొయ్యి చుట్టూ నిలబడి ఒక పూటంతా మాట్లాడాం. హిందీ, తెలుగు కలగలిపి సాగింది. గోతిలోకి నీరు ఎటు నుంచి వస్తుందో పెద్దామె చీపురుతో నేల మీద గీసి చూపింది. లారీలు నిలిచే గచ్చు వాలు గొయ్యి వైపే ఉంది. వాన నీరంతా అటే పోతుంది. రెండో దారి ఎవరికీ తెలియనిది, ఆమెకు మాత్రమే తెలిసినది: నానబెట్టే ట్యాంకు గొట్టం జాయింటు కారి గోడ వెంట దిగుతోంది. రోజూ ఆ గోడ పక్కన ఊడ్చేది ఆమే.

గొయ్యి నోటి చుట్టూ తొమ్మిది అంగుళాల కట్ట కట్టించాం. గచ్చు వాలు మార్చాం. గొట్టం జాయింటు మార్చాం. అడుగున ఒక మూల చిన్న గుంట చేసి అందులో మునిగి ఉండే పంపు పెట్టాం. ఎలివేటరు అడుగు పెట్టెకు జారుడు తలుపు పెట్టించి, పైన నిలబడే పొడవాటి గోకుడు కర్రతో పేరుకున్న గింజను లాగే ఏర్పాటును ఫిట్టరు స్వయంగా తయారుచేశాడు. నేను గీసిన బొమ్మ కంటే అతని పనిముట్టు బాగుంది. పలకల బదులు ఇనుప జాలీ మూత వేసి తాళం వేశాం.

అయినా ఎప్పుడో ఒకసారి దిగక తప్పదు. దానికి వరుస పెట్టాం. ముందు మోటారు స్విచ్ ఆపి తాళం వేయాలి, తాళంచెవి దిగే మనిషి జేబులోనే ఉండాలి. కరెంటు ఆపితే చాలదని ఇక్కడ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఎలివేటరులో ఒకవైపు బకెట్లు నిండుగా, మరోవైపు ఖాళీగా ఉంటాయి. అడ్డం తీయగానే నిండు వైపు బరువుకు పట్టీ వెనక్కి తిరుగుతుంది, మోటారుతో పని లేకుండానే. అందుకే పైన వెనక్కి తిరగనివ్వని పట్టు బిగించి, అది పని చేస్తోందో లేదో చూశాకే దిగాలి. తర్వాత బ్లోయరు గొట్టం అడుగుదాకా దించి కనీసం ఇరవై నిమిషాలు గాలి కొట్టాలి. మూడు లోతుల్లో మీటరు చూడాలి. 19.5 కంటే తక్కువ వస్తే దిగడం లేదు. దిగాక కూడా బ్లోయరు ఆగకూడదు, మీటరు దిగిన మనిషి ఛాతీ మీదే ఉండాలి.

పైన ఉన్న మనిషి ఏం చేయకూడదన్నది అన్నిటికంటే కష్టమైన పాఠం. లోపలివాడు పడిపోతే పైవాడు దూకకూడదు. ఇలాంటి గోతుల్లో, తొట్లలో జరిగే ప్రమాదాల్లో ఒకరి వెనక ఒకరు దిగి చనిపోవడం మన పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు! "అన్న పడిపోతే చూస్తూ నిలబడమంటారా?" అని మణికట్టు పట్టుకుని కాపాడిన ఆ హమాలీ నన్ను సూటిగా అడిగాడు. అతనికి మాటతో జవాబు చెప్పలేకపోయాను. గోతిపైన మూడు కాళ్ల స్టాండు, చేత్తో తిప్పే విన్చీ, ఒంటికి కట్టే పట్టీలు తెప్పించి, యాభై కిలోల బస్తాకు పట్టీలు కట్టి లోపలికి దించి, అతని చేతే తిప్పించి పైకి తీయించాను. మొదటిసారి పద్నాలుగు నిమిషాలు పట్టింది, ఎందుకంటే స్టాండు బోల్టులు వేరే గదిలో ఉన్నాయి. మూడోసారికి రెండు నిమిషాల్లోపు వచ్చింది. అప్పుడు అతను తల ఊపాడు.

డబ్బు లెక్క

ఇంతవరకు అందరూ ఒప్పుకున్నారు. చిక్కు వచ్చింది కూలి దగ్గర. హమాలీలకు బస్తా లెక్కన కూలి. ఎలివేటరు ఆగితే వాళ్ల కూలీ ఆగుతుంది. గంట ఆగితే గంట కూలి పోయినట్టే. అలాంటప్పుడు ఇరవై నిమిషాలు గాలి కొట్టి, మీటరు చూసి, తాళాలు వేసి దిగమంటే ఎవరు వింటారు? ఆ రోజు అతను తొందరగా దిగడానికి నిర్లక్ష్యం కారణం కాదు. కూలి పద్ధతే అతన్ని గోతిలోకి తోసింది. ఈ మాట నివేదికలో అలాగే రాశాను.

యజమాని ఒప్పుకోలేదు. "వాళ్లు పని చేయని గంటకు నేనెందుకు ఇవ్వాలి? ఇన్నేళ్లలో నా మిల్లులో ఒక్కరూ పోలేదు సార్" అన్నాడు. వానాకాలంలో ఎలివేటరు ఎన్ని గంటలు ఆగిందో గుమాస్తా పుస్తకం తీయించి ఆయన చేతే కూడించాను. మొత్తం పదకొండు గంటలు. ముప్పై మందికి పదకొండు గంటల కూలి ఎంతో ఆయనే లెక్కవేశాడు. అది ఆయన భయపడినంత లేదు. ఆగిన గంటకు సగటు కూలి ఇస్తానని ఒప్పుకున్నాడు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే బలమైన రక్షణ ఈ ఒక్క మార్పే. ఇనుప మూత కంటే కూడా.

మీటరు, విన్చీ ఒక్క మిల్లు కొనడం బరువే. అదే దారిలో ఉన్న మరో మూడు మిల్లులతో మాట్లాడి నాలుగూ కలిసి ఒక జత కొన్నాయి. మంచి ఏర్పాటే, కాని ఒక లోపం మిగిలింది. మీటరు సెన్సర్లను గడువు ప్రకారం సరిచూపించాలి. నలుగురిదైన వస్తువును ఎవరు తీసుకుపోతారు? మొదటి గడువు దాటిపోయింది. రెండో గడువుకు ఒక మిల్లు ఫిట్టరుకు పేరు పెట్టి బాధ్యత అప్పగించాం. సరిచూడని మీటరు లేని మీటరు కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి దిగుతారు.

2019 వానాకాలం తర్వాత

అక్టోబరులో మళ్లీ వెళ్లాను. ఆ వానాకాలమంతా కలిపి గోతిలోకి ఒక్కసారే దిగారు. అంతకు ముందు ఏడాది ఆరుసార్లు దిగినట్టు అడిగి తేల్చాం, గుమాస్తా చెప్పిన రెండు మూడు కాదు. ఆ ఒక్కసారి నేను అక్కడ లేను. పత్రం చూశాను. హిందీలో, తెలుగులో ఉన్న ఆ పత్రం మీద బ్లోయరు వేసిన సమయం, మూడు లోతుల్లో అంకెలు, దిగిన సమయం, వచ్చిన సమయం రాసి ఉన్నాయి. గాలి కొట్టకముందు అడుగున 18.6, కొట్టాక 20.8. దిగిన మనిషి వేలిముద్ర. తాడు పట్టుకున్న మనిషి సంతకం. ఆ సంతకం నన్ను ప్రశ్న అడిగిన హమాలీదే.

బిన్ను సమస్య ఇంకా తీరలేదు. గూడు కట్టిన వడ్ల మీద మనిషి నిలబడితే, కింద గేటు తెరిచిన నాలుగైదు సెకన్లకే కాళ్లు కదలవు, అర నిమిషం లోపే పూర్తిగా మునిగిపోవచ్చు. నడుము దాకా కూరుకున్నాక తాడుతో లాగడం కూడా కుదరదు, చుట్టూ ఉన్న గింజను తొలగించాలి. బిన్ను అడుగున కంపించే మోటారు పెడితే గూడు కట్టకపోవచ్చని తయారీదారు అంటున్నాడు, యజమాని ధర అడుగుతున్నాడు. అది వచ్చేదాకా బిన్ను నిచ్చెనకు తాళం వేయించాను, బయటి నుంచే పొడిచే గడ చేయించాను. ఆ వరుస నా పట్టికలో ఇంకా 15గానే ఉంది. దాన్ని తగ్గించి రాయను.

అంచనా వేసే నెలను మార్చాను. ఈ మిల్లుకు ఇక మేలో ఒకసారి, వానల్లో ఒకసారి వస్తాను. మొదటి పూట గుమాస్తా లేకుండా చెట్టు కింద కూర్చుంటాను. పెద్దామె ఫోను నంబరు రాసుకున్నాను. గట్టి వాన పడిన రాత్రి ఫోను చేయిస్తానన్నది.